వంక ఎండినా మురుగు ఆగదు: అనంతపురం బస్తీల్లో కాలుష్యం ఎందుకు పేరుకుపోతోంది?

అనంతపురం గురించి ఎవరు మాట్లాడినా ముందు కరువు గురించే మాట్లాడతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, ఎండిపోయిన బోర్లు, వేరుశనగ నష్టాలు, బెంగళూరుకు వలసలు. కాలుష్యం అనే మాట ఇక్కడ పెద్దగా వినపడదు. విశాఖలో ఉన్నట్టు భారీ పరిశ్రమల వరస లేదు. ఢిల్లీలో లాగా చలికాలం పొగ కమ్ముకోదు. అయినా అనంతపురం నగరంలో గానీ, తాడిపత్రి, ధర్మవరం, గుంతకల్లు పట్టణాల్లో గానీ పేదలు, అందులోనూ దళితులు ఎక్కువగా ఉండే బస్తీకి వెళ్తే గడపకు అడుగు దూరంలో నిలిచిన మురుగు, సందు మొదట్లో కాలుతున్న చెత్త, ముక్కుకు గుడ్డ కట్టుకుని నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు కనిపిస్తారు.

ఎందుకిలా ఉందని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "వాళ్లకు శుభ్రత తెలీదు, అలవాట్లు అట్లాంటివి." పట్టణ బస్తీల మీద పరిశోధన చేస్తున్న మేము ఈ జవాబును ఆఫీసుల్లో విన్నాం, టీ కొట్ల దగ్గర విన్నాం, యూనివర్సిటీ సెమినార్లలోనూ విన్నాం. ఈ జవాబులో ఒక పెద్ద లోపం ఉంది. మురికి ఎక్కడ పుడుతుంది అన్నది ఒక ప్రశ్న. అది ఎక్కడ ఆగుతుంది అన్నది ఇంకో ప్రశ్న. ఆగిన చోటు చూసి, అక్కడ ఉన్నవాళ్లే పుట్టించారని తేల్చేస్తున్నారు. అందుకే ఈ వ్యాసంలో మురుగు, చెత్త, దుమ్ము అనే మూడింటినీ పుట్టిన చోటు నుంచి ఆగిన చోటు దాకా వెంబడిస్తాం.

కరువు నేలలో మురుగుకు దారి ఉండదు

ఏ ఊరిలోనైనా మురుగు పుడుతుంది. పారే నీరు ఉన్న చోట అది పలుచనవుతుంది, కొంత దూరం వెళ్లిపోతుంది. డెల్టా పట్టణాల్లో కాలువలు ఏడాదిలో చాలా నెలలు పారతాయి కాబట్టి అక్కడి మురికి కనీసం కదులుతుంది. అనంతపురం పరిస్థితి వేరు. ఇక్కడి వంకల్లో వాన నీరు పారే రోజులు చాలా తక్కువ. మిగతా రోజుల్లో పారేదంతా ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే మురుగే. దాన్ని పలుచన చేసే నీరు పైనుంచి రాదు. ఎండకు నీరు ఆవిరైపోయి, అడుగున చిక్కటి నల్ల బురద మిగులుతుంది. దోమలకు, దుర్వాసనకు అంతకన్నా మంచి చోటు దొరకదు.

అసలు ఈ మురుగు ఎక్కడిది? నగరానికి తాగునీరు పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నుంచి పైపుల్లో వస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా ఎంతో దూరం నుంచి తెచ్చి నింపిన నీరది. ఇళ్లకు ఇచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందన్నది ఇంజనీర్లు వాడే మామూలు లెక్క. 2011 జనగణన ప్రకారం అనంతపురం జనాభా సుమారు 2.6 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రభుత్వ ప్రమాణం ప్రకారం నీళ్లిస్తే, రోజుకు దాదాపు 2.8 కోట్ల లీటర్ల మురుగు బయటికి రావాలి. సరఫరా తక్కువైన రోజుల్లో మురుగూ తగ్గుతుంది. కానీ 2011 తర్వాత ఊరు ఎంత పెరిగిందో అందరం చూస్తున్నాం.

నీళ్లు తేవడానికి పథకాలు వచ్చాయి, ఉద్యమాలూ జరిగాయి. వాడిన నీళ్లు ఎటు పోవాలన్నది మాత్రం ఎన్నికల వాగ్దానంగానే మిగిలింది. నగరంలో చాలా భాగానికి భూగర్భ డ్రైనేజీ లేదు. ఉన్నవి రోడ్డు పక్క కాలువలే. ఇది ఒక్క అనంతపురం కథ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి చేసేందుకు కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లే. అంటే సగానికి పైగా మురుగుకు ప్లాంటే లేదు. దాన్ని పల్లానికి వదిలేయడమే జరుగుతోంది.

ఇక చూడాల్సింది పల్లంలో ఎవరున్నారన్నది.

వంక గట్టుకు ఎవరు చేరారు?

అనంతపురం పేరే చెరువు పేరు. అనంతసాగరం చెరువు, పక్కనే బుక్కరాయసముద్రం చెరువు విజయనగర కాలం నాటివి. రాయలసీమలో చెరువు నిండితే నీరు మరువ మీదుగా పొర్లి, వంకలో పడి, కింది చెరువుకు చేరేది. నగరం మధ్యగా పోయే నడిమివంక, మరువవంక ఆ పాత ఏర్పాటుకు గుర్తులు. మరువవంక అనే పేరులోనే దాని పని ఉంది. ఊరు పెరిగే కొద్దీ చెరువులూ కుంటలూ ప్లాట్లయ్యాయి, వంకలు మురికి కాలువలయ్యాయి.

కరువుకు పల్లెల్లో ముందు కూలిపోయింది భూమి లేనివాళ్లు, డీకేటీ పట్టా కింద రాళ్ల నేల దొరికినవాళ్లు. ఊళ్లో మాలగేరి, మాదిగగేరి ఊరికి దూరంగా, పల్లంలో ఉండటం మనకు తెలిసిన సంగతే. కూలి కోసం పట్టణానికి వచ్చినప్పుడు ఆ గేరి వాళ్లతో పాటే వచ్చింది. మెయిన్ రోడ్డు పక్క ఇల్లు అద్దెకు అడిగితే "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. స్థలం కొనే స్తోమత లేదు. మిగిలింది ఎవరూ కోరుకోని నేల: వంక గట్టు, కుంట కట్ట, రైలు పట్టాల పక్క, శ్మశానం పక్క, డంపింగ్ యార్డు దారి. నాయకుల పేర్లు పెట్టుకుని కొట్టాలు వేసుకున్నారు. ఏళ్ల తరబడి వంకలో నీళ్లు రాలేదు కాబట్టి, అది సురక్షితమే అనిపించింది. అధికారులూ అడ్డు చెప్పలేదు. ఓట్లు అవసరమైనప్పుడు కరెంటు స్తంభం వచ్చింది. మురికి కాలువ మాత్రం రాలేదు.

2022 అక్టోబరు రెండో వారంలో కురిసిన భారీ వానకు నడిమివంక పొంగింది. వంక వెంట ఉన్న కాలనీలు మునిగాయి. ఆ నీళ్లలో వచ్చింది వాన నీరు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏళ్లుగా వంకలో పేరుకున్న మురుగు బురద, ప్లాస్టిక్, మలం, చచ్చిన జంతువులు అన్నీ ఇళ్లలోకి వచ్చాయి. మర్నాడు పత్రికలు దాన్ని వరద అన్నాయి. ఊరంతటి మురికినీ ఒకే రాత్రిలో పేదల ఇళ్లలోకి చేర్చిన కాలుష్యం కూడా అది. కరువు సీమలో ఈ రెండూ విడివిడిగా రావు. ఎండాకాలమంతా మురుగు పోగవుతుంది, ఒక్క తుపాను వాన దాన్ని పంచిపెడుతుంది.

ఒక సెంటు స్థలం, ఒక గుంత, ఒక బోరు

కంటికి కనిపించే మురుగు ఒక ఎత్తు. నేల కింద జరిగేది ఇంకో ఎత్తు. భూగర్భ డ్రైనేజీ లేని చోట ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకో, వట్టి గుంతో ఉండాలి. గుంత నుంచి ఇంకే నీటిలో నైట్రోజన్ ఉంటుంది, అది నేలలో నైట్రేటుగా మారి భూగర్భ జలంలో కలుస్తుంది. అందుకే గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 15 మీటర్లయినా ఉండాలని, రాతి నేలలో ఇంకా ఎక్కువ ఉండాలని చెబుతారు. అనంతపురంలో నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. ఆ రాతిలో నీరు పగుళ్ల గుండా పోతుంది. ఇసుక నేల వడపోసినట్టు పగులు వడపోయదు. గుంతలోది బోరులోకి వేగంగా చేరుతుంది.

ఇప్పుడు ఇళ్ల పట్టాల లెక్క చూద్దాం. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో పట్టణ పేదలకు ఇచ్చింది ఒక సెంటు. సెంటు అంటే 435 చదరపు అడుగులు, సుమారు 40 చదరపు మీటర్లు. చదరంగా కొలిస్తే ఒక్కో పక్క ఆరున్నర మీటర్లు కూడా రాదు. అందులోనే గది, వంటిల్లు, మరుగుదొడ్డి, గుంత. పక్కింటి బోరుకు 15 మీటర్ల దూరం ఎక్కడి నుంచి తేవాలి? ఆ ఇంటావిడ ఎంత శుభ్రంగా ఉన్నా ఈ లెక్క మారదు. అంతకుముందు వచ్చిన కాలనీల్లోనూ స్థలాలు ఇరుకే. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఊరికి దూరంగా, చవకగా దొరికే పల్లపు నేలనే వెతికింది. స్థలం కొలతను కాగితం మీద గీసిన రోజే కాలుష్యం కూడా ఖాయమైపోయింది.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది భారతీయ ప్రమాణం. ఎక్కువైతే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. దీనికి తోడు ఈ జిల్లా రాళ్ల నుంచి సహజంగా వచ్చే ఫ్లోరైడు ఉంది. దాని గరిష్ఠ హద్దు 1.5 మిల్లీగ్రాములు. బోరు లోతుకు పోయే కొద్దీ నీరు ఆ రాతితో ఎక్కువ కాలం నానుతుంది, చాలా చోట్ల ఫ్లోరైడూ పెరుగుతుంది. పై నీరు గుంతల వల్ల చెడింది, లోతు నీరు రాయి వల్ల చెడింది. మధ్యలో ఉన్నవాళ్లు 20 లీటర్ల క్యాను కొనుక్కోవాలి. రోజు కూలి మీద బతికే ఇంటికి కాలుష్యం నెలవారీ ఖర్చుగా మారేది ఇలాగే.

కుళాయిలోకి కాలువ ఎలా వస్తుంది?

"మాకు కుళాయి ఉంది కదా" అనుకునే వీధుల్లోనూ ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు 24 గంటలూ రావు. వచ్చినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, లీకు ఉంటే నీరు బయటికి పోతుంది. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే లీకు గుండా బయటి నీరు లోపలికి వస్తుంది. ఇరుకు సందుల్లో కుళాయి పైపు మురికి కాలువ పక్కనో, చాలాచోట్ల కాలువ లోపలి నుంచో పోతుంది. నీళ్లు వదలగానే మొదటి రెండు బిందెలు పారబోయడం బస్తీ ఆడవాళ్లకు అలవాటు. శుభ్రత తెలీదని ఎవరిని అంటున్నామో వాళ్లే రోజూ నీటి నాణ్యతను కంటితో, ముక్కుతో పరీక్షిస్తున్నారు.

చెత్త ఎవరిది, పొగ ఎవరికి?

చెత్త విషయానికొస్తే లెక్క ఇంకా తేటగా ఉంటుంది. ఎంత కొంటే అంత చెత్త. ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, మార్కెట్లు, అపార్టుమెంట్లు ఎక్కువ పుట్టిస్తాయి. పప్పు చారుతో రోజు గడిపే ఇంట్లో పారేయడానికి ఏముంటుంది? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు రోజుకు 100 కిలోలు దాటి చెత్త చేసేవారిని ప్రత్యేకంగా గుర్తించి, తమ చెత్తను వేరు చేసి నిర్వహించే బాధ్యత వాళ్ల మీదే పెట్టాయి. ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాలని అవే నిబంధనలు చెప్పాయి. విడదీయకుండా కలిపేసిన చెత్తను ఊరి చివర గుట్టగా పోస్తారు. ఊరి చివర అంటే ఎవరి ఇంటి ముందో మళ్లీ చెప్పనక్కర్లేదు.

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో ఇంటింటి చెత్త సేకరణకు 'క్లాప్' కార్యక్రమం మొదలైంది. దానికి నెలనెలా రుసుము పెట్టారు, పేదలు తిరగబడ్డారు. ఆ చెత్త పన్ను తీసేస్తామని 2024 అక్టోబరు 2న కొత్త ప్రభుత్వం ప్రకటించింది. పన్ను పోవడం మంచిదే. కానీ చెత్త బండి సందులోకి వస్తుందా లేదా అన్నది పన్నుతో తేలే విషయం కాదు. బండి వెడల్పు సందు వెడల్పు కన్నా ఎక్కువైతే అది మెయిన్ రోడ్డు మీదే ఆగి, హారన్ కొట్టి వెళ్లిపోతుంది. ఆ సమయానికి తల్లి కూలికి పోయి ఉంటుంది. చెత్త సందు చివర పడుతుంది. రెండు రోజులాగితే ఎవరో ఒకరు అగ్గిపెడతారు. ఎండలు ముదిరే ఈ సీమలో ఎండు చెత్త క్షణంలో అంటుకుంటుంది.

ప్లాస్టిక్ కాలితే వచ్చే సన్నటి ధూళి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లు పుడతాయి. అవి ఏళ్ల తరబడి నేలలో, ఒంట్లో నిలిచిపోయే విషాలు. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి, చిన్న మంటకు 5 వేలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25 వేల రూపాయల జరిమానా పెట్టింది. జరిమానా రాస్తే సందు చివర కాల్చిన పేదావిడకే రాస్తారు. డంపింగ్ యార్డు రాత్రంతా కాలితే ఎవరికి రాయాలి?

దుమ్ము, రాతి పాలు, రంగు నీళ్లు

పరిశ్రమలు లేని చోట గాలి బాగుంటుందన్నది ఇంకో అపోహ. కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి. అందులో అనంతపురం ఒకటి. ఇక్కడ పెద్ద సమస్య పీఎం 10 అనే ధూళి. దాని వార్షిక హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. పచ్చదనం లేని నేల, సిమెంటు వేయని సందులు, తవ్వి వదిలేసిన రోడ్లు, కంకర లారీలు దీనికి కారణాలు. రోడ్డు వేసిన కాలనీలో దుమ్ము తక్కువ లేస్తుంది. మట్టి సందులో పిల్లలు ఆడుకునేదే దుమ్ములో.

పట్టణాన్ని బట్టి మురికి రంగు మారుతుంది. తాడిపత్రి నాపరాళ్లకు, బండల పాలిషింగుకు పేరు. రాయిని కోసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు నీళ్లు పోస్తారు. రాతి పొడి కలిసిన ఆ నీరు పాలలా తెల్లగా బయటికి వస్తుంది. తడిగా ఉన్నప్పుడు అది కాలువలను పూడుస్తుంది. ఎండాక గాలికి లేచి ఇళ్ల మీద, అన్నం గిన్నెల మీద పడుతుంది. ధర్మవరం పట్టుచీరలకు పేరు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ముడి పట్టును సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీస్తారు, తర్వాత రంగు వేస్తారు. ఈ పని చాలావరకు ఇళ్ల మధ్యే, చిన్న చిన్న కేంద్రాల్లో జరుగుతుంది. ఉడికిన నీరూ రంగు నీరూ వీధి కాలువలోకి పోతాయి. నేత కార్మికుడూ, రంగులద్దే కూలీ ఇక్కడ నేరస్తులు కారు. చీర లాభం షోరూముకు పోతుంది, రంగు నీళ్లను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు ఖర్చు మాత్రం ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఆ ఖర్చు తప్పించుకున్నందుకే సరుకు చవకవుతుంది. ఆ బాకీ కాలువ పక్క ఇళ్లు తీరుస్తున్నాయి.

'అంటు' నుంచి కాలుష్యం దాకా

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంజనీరింగు కారణాలే కదా, ఇందులో కులం ఎక్కడుందని విద్యార్థి మిత్రులు అడుగుతారు. రెండు చోట్ల ఉంది.

మొదటిది, స్థలంలో. ఎవరు ఎక్కడ ఉండాలో కులం నిర్ణయించింది, మురుగు ఎటు పోవాలో వాలు నిర్ణయించింది. ఆ వాలు చివర ఎవరి ఇళ్లున్నాయో చూసి కూడా అటే కాలువ తీయాలని నిర్ణయించింది మాత్రం మనుషులు.

రెండోది, పనిలో. మురికిని ముట్టుకోవడం ఒక కులం పని అని నమ్మే సమాజంలో, తన చెత్తను తాను విడదీయడం కూడా పరువు తక్కువే. తడి పొడి కలిపి గేటు ముందు పడేస్తే చేత్తో వేరు చేసేవాళ్లు వస్తారన్న ధీమా అది. సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రం కన్నా ముందు మనిషి గుర్తుకొస్తాడు. చవకగా దొరికే మనిషి ఉన్నంతకాలం మునిసిపాలిటీకి యంత్రం మీద, ప్లాంటు మీద డబ్బు పెట్టే తొందర ఉండదు. అంటరానితనం అన్యాయమన్నది నిజం. దానితో పాటు, పట్టణాలు మురుగు వ్యవస్థ కట్టుకోకుండా వాయిదా వేసుకోవడానికి అదొక రాయితీలా కూడా పనిచేస్తోంది.

మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలను కేంద్రం 'నమస్తే' పథకం కింద సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్కల్లో నమోదైన 38 వేల మందిలో సుమారు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఎస్సీలే 69 శాతం దాకా ఉన్నారు. పాత అనంతపురం జిల్లా జనాభాలో ఎస్సీలు సుమారు 14 శాతం. ఊరి జనాభాలో వాటాకూ, ఊరి మురికి ఎత్తడంలో వాటాకూ మధ్య ఉన్న ఈ దూరానికి కులం కాక వేరే వివరణ దొరకదు.

పాకీ పనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. ఆ చట్టాలు కదలడానికి ఉద్యమం కావలసి వచ్చింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ లాంటివాళ్లతో కలిసి 1990లలో కట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదట ఊపందుకున్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ సంస్థ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పిస్తూ, మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది.

2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. జనవరి దాకా సాగిన ఆ సమ్మెలో వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. ఎవరి చెత్త ఎంతో మొదటిసారి ధనిక కాలనీలకూ కంటికి కనిపించింది. బస్తీల్లో మాత్రం ఆ రోజులకూ మామూలు రోజులకూ పెద్ద తేడా లేదన్న మాటే మేము ఎక్కువగా విన్నాం.

అలవాట్ల వాదనకు జవాబు

బస్తీవాసులు కాలువలో చెత్త వేయరా? వేస్తారు. కవర్లు పడితే కాలువ పూడుతుంది, మురుగు పొర్లుతుంది. దీన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఇదే బస్తీ ఆడవాళ్లు పొద్దున్నే మంచి కాలనీల్లో ఇళ్లు ఊడ్చి, తుడిచి, అంట్లు తోమి వస్తారు. ఆ ఇళ్ల శుభ్రత వాళ్ల చేతిదే. అదే చేతులు సొంత వీధికి వచ్చేసరికి అలవాటు మార్చుకుంటాయా? అక్కడ చెత్త బండి వస్తుంది, కాలువకు వాలు ఉంటుంది, కుళాయికి ఒత్తిడి ఉంటుంది. ఇక్కడ ఇవేవీ లేవు. అలవాటు మారాలంటే ముందు ఆ అలవాటుకు వీలిచ్చే ఏర్పాటు రావాలి.

ఈ వాదన మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1982లో విషపూరితమైన పీసీబీ మట్టిని పూడ్చడానికి నల్లజాతి ప్రజలు ఎక్కువగా ఉన్న వారెన్ కౌంటీని ఎంచుకున్నారు. జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు, వందల మంది అరెస్టయ్యారు. 1987లో ఒక చర్చి సంస్థ వేసిన అధ్యయనం దేశమంతటా ప్రమాదకర వ్యర్థాల చోట్లకూ జాతికీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపింది. పర్యావరణ న్యాయం అనే ఉద్యమం అక్కడ అలా బలపడింది. మన దగ్గర పర్యావరణం అంటే పులులు, అడవులు, మొక్కలు నాటడం. దళితవాడ మురికి కాలువ ఇంకా 'శానిటేషన్ సమస్య'గానే ఉండిపోయింది. ముకుల్ శర్మ 2017లో తెచ్చిన 'కాస్ట్ అండ్ నేచర్' పుస్తకం ఈ ఖాళీ గురించి మాట్లాడింది. మన జిల్లాల నుంచి, తెలుగులో, ఇలాంటి పని ఇంకా చాలా రావాలి.

చేతిలో ఉన్న చట్టాలు

డబ్బు లేదన్న జవాబుకు సుప్రీంకోర్టు 1980లోనే సమాధానం చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు మురికి కాలువల మీద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. నిధులు లేవని మునిసిపాలిటీ వాదించింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. ప్రజారోగ్యం మునిసిపాలిటీ తప్పనిసరి బాధ్యత అన్నారు. ఆనాడు వాడిన 133వ సెక్షను ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉంది. కాలువ పొర్లుతోందని ఆర్డీవోకు బస్తీవాసులు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మనం తక్కువగా వాడే క్లాజులున్నాయి. దళితుల ఇంట్లో గానీ, ఇంటి గుమ్మంలో గానీ మలం, మురుగు, కళేబరాలు వేయడం 3(1)(బి) కింద నేరం. వాళ్లు వాడే నీటిని చెడగొట్టడం కూడా అదే సెక్షను కింద నేరం. మునిసిపాలిటీ నిర్లక్ష్యానికంతటికీ ఈ చట్టం అతకదు. కానీ ఎవరో ట్యాంకరు తెచ్చి వాడ పక్కన మలం వదిలితే, ట్రాక్టరు తెచ్చి చెత్త పోస్తే, దాన్ని 'చిన్న గొడవ'గా వదిలేయకూడదు. తేదీ, బండి నంబరు, ఫొటో ఉంటే కేసు నిలబడుతుంది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. వివాదానికి కారణం పుట్టినప్పటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, అందుకే తేదీలు రాసి పెట్టుకోవడం ముఖ్యం. ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో దాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. మీ పట్టణంలో ఆ నిధుల నుంచి ఎస్సీ కాలనీల కాలువలకు ఎంత ఖర్చయింది, ఊరంతటికీ వేసిన రోడ్డులో ఎంత భాగాన్ని ఆ పద్దులో రాశారు అని సమాచార హక్కు కింద అడగాలి.

మొదటి పని: ఒక పటం

ఇవన్నీ ఒకేసారి చేయలేం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే మిత్రులకు మా సూచన ఒకటే. మీ వార్డు పటం గీయండి. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, ఏ ఫంక్షన్ హాలు, ఏ ఆసుపత్రి నీరు అందులో కలుస్తోంది, చెత్త బండి ఏ మలుపు దగ్గర ఆగిపోతోంది, కుళాయి పైపు ఎక్కడ కాలువలో మునిగింది, ఏ బోరు ఏ గుంతకు ఎన్ని అడుగుల దూరంలో ఉంది. టేపు, పెన్ను, ఫోను ఉంటే చాలు. ఈ పటం గీయాల్సింది బయటి నుంచి వచ్చిన మాలాంటి పరిశోధకులు ఒక్కరే కాదు. ఆ వీధిలో బిందె పట్టుకునే ఆడవాళ్లు, ఆ కాలువలో పూడిక తీసే కార్మికులు కూర్చుని చెప్పాలి. మురుగు ఏ నెలలో ఎటు పోతుందో వాళ్లకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలీదు.

ఆ పటం ఒక ప్రతి వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకటి కమిషనరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. వచ్చే వానాకాలం లోపు వంక పూడిక తీస్తారా, మురుగును మళ్లిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. మళ్లీ ఎవరైనా అలవాట్ల సంగతి ఎత్తితే, ఆ పటం తీసి ముందు పెట్టి, ఈ మురుగు ఏ ఇంటి నుంచి బయల్దేరిందో వేలు పెట్టి చూపమనండి.